మిల్లు కట్టే ముందు ఒక్క బస్తా అమ్మి చూద్దాం

(ఆర్మూర్‌లో జరిగిన పసుపు రైతుల సమావేశంలో మన సంఘం కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగం ఇది. పసుపు పొడి మిల్లు కోసం వాటాలు వసూలు చేయాలన్న ప్రతిపాదనపై ఆ రోజు చర్చ జరిగింది. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)

కల్లంలో పసుపు ఆరబోసి, పని నడిమిట్ల విడిచిపెట్టి వచ్చిండ్రు. అందుకే ఎక్కువసేపు తీసుకోను.

ఇప్పుడే మన తమ్ముడు మిల్లు కాగితం చదివి వినిపించిండు. మొత్తం ఖర్చు 60 లక్షలు. పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం సబ్సిడీ, అంటే 21 లక్షలు. మిగిలిన 39 లక్షల్లో 120 మంది రైతులు తలా 10 వేల వాటా కడితే 12 లక్షలు. ఇంకా 27 లక్షలు బ్యాంకు అప్పు. యంత్రాల కొటేషన్లు ఉన్నయి. షెడ్డు ప్లాను ఉన్నది. జాగా ఉన్నది. ప్యాకెట్ మీద వేసే పేరు కూడ అనుకున్నరు. కష్టపడి తయారు చేసిండ్రు, మెచ్చుకోవాలె.

ఆ కాగితం నేను రెండుసార్లు చదివిన. అందులో ఒక్క సంగతి లేదు. ఆ పొడి ఎవరు కొంటరు అన్నది లేదు. "మార్కెట్‌లో మంచి డిమాండ్ ఉన్నది" అని ఒక్క ముక్క రాసి వదిలేసిండ్రు. రోజుకు 5 క్వింటాళ్లు పట్టిస్తేనే కిస్తీ వెళ్తదని మాత్రం అదే కాగితంలో ఉన్నది. రోజుకు 5 క్వింటాళ్లంటే అర్ధకిలో ప్యాకెట్లు వెయ్యి. ఈ రోజు వెయ్యి, రేపు వెయ్యి, ఎల్లుండి వెయ్యి. ఆ వెయ్యి మంది ఎవరు? వాళ్ల ఊరేది? ఇప్పుడు ఎవరి పసుపు వాడుతున్నరు? అది విడిచిపెట్టి మనది ఎందుకు కొంటరు? నా ప్రశ్న ఇంతే.

నేను మిల్లుకు వ్యతిరేకం కాదు. వరస మార్చాలె అంటున్న. మిల్లు కట్టినంక గిరాకీ వెతుక్కునుడు కాదు, గిరాకీ చూసుకున్నంక మిల్లు కట్టాలె.

ఇది మనకు తెల్వని విద్య కాదు. ఇంట్లో దాచిన గింజలు విత్తనానికి వాడేటప్పుడు ఏం చేస్తం? నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి పెడతం. నాలుగైదు రోజులకు విప్పి ఎన్ని మొలిచినయో చూస్తం. 90 మొలిస్తే ధైర్యంగా వేస్తం. 50 మొలిస్తే ఆ గింజ పక్కకు పెడతం. నూరు గింజలు పోయినందుకు ఎవరూ ఏడ్వరు. చూసుకోకుండ వేస్తే మాత్రం దుక్కి, ఎరువు, కూలి, సీజన్ అన్నీ పోతయి. ఎకరం మక్కకు చేసే పరీక్ష 60 లక్షల మిల్లుకు ఎందుకు చేయం?

అటక మీద కవర్లు

ఈ మాట చెప్పే హక్కు నాకు ఎట్ల వచ్చిందో చెప్తా. పదేండ్ల కిందట మేం 11 మందిమి కలిసి ఒక చిన్న పొడి మిల్లు పెట్టినం. తలా లక్షన్నర వేసుకున్నం, 16 లక్షల 50 వేలు. పైన కొంత అప్పు. అప్పుడు యార్డులో పసుపు ధర పడిపోయి ఉండె. "పచ్చి సరుకు అమ్ముకుంటే ఇట్లనే ఉంటది, పొడి చేసి అమ్ముకోవాలె" అని ప్రతి మీటింగులో చెప్పేటోళ్లు. మేం నమ్మినం. మాట తప్పు కాదు, సగమే చెప్పిండ్రు.

పెట్టే ముందు మేం కూడ అడిగినం. అడగలేదని అనుకోకుండ్రి. చుట్టాలను అడిగినం, కిరాణ షాపులోళ్లను అడిగినం, హైదరాబాద్‌ల ఉన్న మన ఊరోళ్లను అడిగినం. "కల్తీ లేని అసలు పసుపు పొడి చేస్తున్నం, కొంటరా?" అంటే కొనం అన్నోడు ఒక్కడు లేడు. "ఎందుకు కొనం అన్నా, మీరు పెట్టుండ్రి" అన్నరు. ముఖం ముందట నిలబడ్డ రైతుకు ఎవరు లేదు అంటరు? అది మర్యాద. మేం ఆ మర్యాదను గిరాకీ అనుకున్నం.

యంత్రం వచ్చింది. కవర్లు అచ్చు వేయిస్తే తక్కువల తక్కువ 20 వేలు తీసుకోవాలె అన్నరు, తీసుకున్నం. మొదటి మూడు నెలలు 6 క్వింటాళ్లు అమ్మినం. అబ్బ, నడుస్తున్నది అనుకున్నం. తర్వాత లెక్క తీస్తే కొన్నోళ్లలో సగం కంటే ఎక్కువ మంది మా చుట్టాలు, మా సంఘపోళ్లు. వాళ్ల ఇండ్లలో ఆ పసుపు ఏడాది దాక అయిపోలేదు. ఇంట్లకు ఏడాదికి కావలసిన పసుపు ఎంత? మహా అయితే రెండు కిలోలు. మేం కూడ పసుపు పండించేటోళ్లమే, మా ఇంట్ల ఎంత వాడుతమో మాకు తెలుసు. అయినా ఆ లెక్క వేసుకోలేదు.

కిరాణ షాపులోళ్లు ఉద్దెరకు తీసుకున్నరు. నలభై రోజులకు పోయి అడిగితే "పోలేదు అన్నా, వాపస్ తీసుకపో" అన్నరు. వాళ్లను అనేది లేదు. వాళ్ల కాడ కంపెనీ పది రూపాయల ప్యాకెట్లు దండ లెక్క వేలాడుతున్నయి, పోరగాడు వచ్చి అది తెంపుకొని పోతడు. మా అర్ధకిలో ప్యాకెట్ మూలకు ఉంటది. రెండేండ్లల్ల మూత పడ్డది. యంత్రం సగానికి సగం తక్కువకు పోయింది. మాలో ఒకాయన అప్పు తీర్చెటందుకు 20 గుంటలు అమ్మిండు. ఆయన ఇప్పటికీ నాతోని మాట్లాడతడు, ఆయన మంచితనం. కాని ఆ చెలక పక్క నుంచి పోయినప్పుడల్లా నేను తల వంచుకుంట.

ఆ కవర్లు ఇంకా మా అటక మీద ఉన్నయి. విత్తనాలు కట్టుకుంటున్నం.

మన పక్కనే రెండు పాఠాలు

మాట వేరు, పైస వేరు అని ఆర్మూర్‌కు ఎవరూ కొత్తగ చెప్పనక్కర లేదు. ఎర్రజొన్న సంగతి ఇక్కడ తెల్వనోడు లేడు. మన దగ్గర ఎవరూ తినని పంట అది. ఉత్తరాదిన పశువుల మేత కోసం విత్తనంగ పోతది. అంటే ఇక్కడి రైతుకు కొనేటోని ముఖం కనబడదు, నడుమ ఉన్న వ్యాపారి మాటనే కనబడతది. ఆ మాట మీద వేసినం, పండించినం, తోలినం. పైసలు రాలేదు. 2008లో బకాయిల కోసం ఇదే ఆర్మూర్‌లో రైతులు రోడ్డెక్కితే పోలీసు కాల్పుల దాక పోయింది. తెలంగాణ వచ్చినంక ప్రభుత్వం ఆ బకాయిలు ఇచ్చింది, కాని అన్నేండ్లు పట్టింది. ఒప్పందం ఉంటే గిరాకీ ఉన్నట్టు కాదు. పైస చేతిల పడితేనే గిరాకీ.

రెండో పాఠం ఇక్కడి నుంచి కూతవేటు దూరంల ఉన్నది. అంకాపూర్. దేశీ కోడి కూర తినని వాళ్లు ఈ సభలో ఎవరన్న ఉన్నరా? అక్కడ పద్ధతి చూసిండ్రా? పొద్దున్నే లేచి యాభై కోళ్లు కోసి వండి పెట్టుకొని, ఎవరొస్తరా అని రోడ్డు దిక్కు చూడరు. ఫోన్ వస్తది, ఇన్ని కోళ్లు కావాలె, ఇంత మందికి అన్నం కావాలె, ఫలానా టైంకు వస్తం అని. అప్పుడు పొయ్యి వెలుగుతది. కూర మిగులుడు ఉండదు, పారబోసుడు ఉండదు. ఆర్డర్లు పెరిగినకొద్దీ పొయ్యిలు పెరిగినయి. మొదలే పెద్ద హోటల్ కట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించుండ్రి.

అంకాపూర్ మక్కజొన్న కంకులది కూడ అదే తీరు. పచ్చి కంకికి గిరాకీ ఉన్నది కాబట్టే, దాని కోసం పంట వేస్తున్నరు. ఆ ఊరి ఆడోళ్లు రోడ్డు మీద కూర్చొని అమ్మిన కంకులే ఆ ఊరికి మార్కెట్ సర్వే.

దేశంల పెద్ద ముచ్చట చెప్పమంటే ఆనంద్ పాల సంఘం ఉన్నది, అమూల్ అంటం. 1946లో సంఘం పుట్టింది. 1948లో అక్కడ ఉన్న పాత క్రీమరీలోనే పాలు కాచి బొంబాయికి పంపుడు మొదలుపెట్టిండ్రు. బొంబాయిల పాలు తాగేటోళ్లు ఉన్నరు, కొనేటందుకు అక్కడి పాల పథకం ఉన్నది, ఆ నమ్మకం ముందే ఉన్నది. వాళ్ల సొంత పెద్ద ఫ్యాక్టరీ 1955లో వచ్చింది. అంటే ఏడేండ్లు పాత ఇంట్లో కాపురం చేసి, గిరాకీ చూసుకొని, అప్పుడు కొత్త ఇల్లు కట్టుకున్నరు. మనం ఆ ఫ్యాక్టరీ ఫోటో చూస్తున్నం, ఆ ఏడేండ్లు చూస్తలేం.

బోర్డు వచ్చింది, గిరాకీ దానంతట అది రాదు

పసుపు బోర్డు ఊరికే రాలేదు. 2019 పార్లమెంట్ ఎన్నికల్లో 178 మంది రైతులు పోటీల నిలబడ్డరు. మొత్తం 185 మంది అభ్యర్థులైతే ఒక్కో పోలింగ్ బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. దేశమంత నిజామాబాద్ దిక్కు చూసింది. 2023 అక్టోబర్‌లో బోర్డు నోటిఫికేషన్ వచ్చింది, 2025 సంక్రాంతి నాడు మొదలైంది, హెడ్డాఫీసు మన నిజామాబాద్‌ల పెట్టిండ్రు. సంతోషం. అప్పటి నుంచి ఎక్కడ మీటింగ్ పెట్టినా ఎగుమతి, విలువ జోడింపు అనే రెండు మాటలే.

ఆ అంకెలు మనం కూడ చూద్దాం. కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2023–24లో దేశంల పండిన పసుపు 10.74 లక్షల టన్నులు. ఎగుమతి అయింది 1.62 లక్షల టన్నులు, విలువ 22.65 కోట్ల డాలర్లు. భాగిస్తే కిలోకు 1.4 డాలర్లు, మన పైసల్లో ఇంచుమించు 115 రూపాయలు. ఇందులో రెండు సంగతులు ఉన్నయి. ఒకటి, నూటికి 15 వంతులే బయటి దేశాలకు పోతున్నది, మిగిలింది మన దేశంలోనే అమ్ముడుపోతున్నది. రెండు, ఎగుమతి అనంగనే బంగారం ధర రాదు. కాబట్టి మన గిరాకీ మొదట ఇక్కడి వంటింట్ల, ఇక్కడి పచ్చళ్లల్ల, ఇక్కడి మసాలాలల్ల వెతకాలె.

సబ్సిడీ గురించి ఒక్క మాట. 21 లక్షలు ఇస్తరు, ఇయ్యాలె, అది మన హక్కు. కాని సబ్సిడీ యంత్రాన్ని కొంటది, పొడిని కొనదు.

ఒక క్వింటాలుతో చేసిన పరీక్ష

రెండేండ్ల కింద నా బిడ్డ అన్నది, "నాయిన, ఈసారి కట్టకుండ అమ్మి చూద్దాం" అని. హైదరాబాద్‌ల ఉంటది. మా పంటల నుంచి ఒక క్వింటాలు కొమ్ము పక్కకు తీసినం. 50 కిలోలు ఊర్ల గిర్నీల కిరాయికి పొడి పట్టించినం. ఇంకో 50 కిలోలు పాలిష్ చేసిన కొమ్ములే, మంచిగ ఏరి, కిలో కిలో కట్టినం. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకున్నం. కవర్లు అచ్చు వేయించలేదు, సాదా కవరు మీద స్టిక్కర్ అంటించినం. మొత్తం ఖర్చు రానుపోను కలిపి 9 వేలు. అమ్ముడుపోకుంటే కొమ్ములు మళ్లీ యార్డుకే తోలేటోళ్లం. పోతే పొడి పోతది, పొలం పోదు.

కూకట్‌పల్లి దిక్కు అపార్ట్‌మెంట్ల ముందట నాలుగు ఆదివారాలు కూర్చున్నం. ముందే మూడు నియమాలు పెట్టుకున్నం. చుట్టాలకు అమ్మొద్దు. ఉద్దెర ఇయ్యొద్దు. "బాగున్నది" అన్న మాటను లెక్కల రాయొద్దు, పైస ఇస్తేనే రాయాలె. ఒక నోటు పుస్తకం పెట్టి ఎవరు ఆగిండ్రు, ఏం అడిగిండ్రు, ఏం కొన్నరు, ఎందుకు కొనలేదు, అన్నీ బిడ్డ రాసింది.

నాలుగు వారాలకు 41 ఇండ్లు కొన్నయి. పొడి కొన్నది 14 ఇండ్లు, 11 కిలోలు. కొమ్ములు కొన్నది 27 ఇండ్లు, 44 కిలోలు. నేను నోరు తెరిచిన. పదేండ్ల కింద మేం 16 లక్షలు పెట్టి పొడి చేసినం, జనం అడిగింది కొమ్ములు.

ఎందుకో వాళ్లే చెప్పిండ్రు. ఒకామె పొడి చేతిల పట్టుకొని, "ఇందులో రంగు కలపలేదని మేమెట్ల నమ్మాలె?" అన్నది. ఆమె అన్నదానిల తప్పు లేదు. పసుపు మెరిసేటందుకు సీసం ఉన్న రంగు, లెడ్ క్రోమేట్, కలిపే దొంగలు ఉన్నరు. పిల్లల మెదడు పాడుచేసే విషం అది. పక్క దేశం బంగ్లాదేశ్‌ల ఇది బయటపడితే అక్కడి ప్రభుత్వం తనిఖీలు చేసి ఆపవలసి వచ్చింది. మన చట్టంల కూడ పొడిల అది అసలే ఉండొద్దని ఉన్నది. కాని కొనేటామెకు కంటితోని తెలియదు కదా. కొమ్ము అయితే ఇరిచి చూస్తది, లోపల రంగు చూస్తది, గిర్నీల తన ముందట పట్టించుకుంటది. మేం పొడి అమ్ముతున్నం అనుకున్నం, ఆమె నమ్మకం కొంటున్నది.

ఇంకోటి తెలిసింది. ఎక్కువ మంది ఎండాకాలం, కారం పట్టించుకునేటప్పుడు, మామిడికాయ పచ్చళ్లు పెట్టేటప్పుడు ఏడాదికి సరిపడ ఒక్కసారి తీసుకుంటరు. అంటే గిరాకీ మన పంట వచ్చే నెలల్లనే ఉన్నది. ఏడాది పొడుగునా రోజుకు 5 క్వింటాళ్లు నడిచే మిల్లు లెక్క, ఏడాదికి ఒక్కసారి కొనే ఇంటామె లెక్క, ఈ రెండు కలుస్తయా?

ధర కూడ చూసినం. కొమ్ములు మొదటి రెండు వారాలు కిలో 220 పెట్టినం, తర్వాత 250 చేసినం. కొనేటోళ్లు తగ్గలేదు. పొడి 340 నుంచి 300కు దించినం. పెద్దగ పెరగలేదు. కొమ్ముకు 30 రూపాయలు తక్కువకు అమ్ముతున్నమని తెలిసింది. పొడి ఆగింది ధర కాడ కాదని తెలిసింది. ఆర్మూర్ పసుపు అని పేరు చెప్తే గుర్తుపట్టినోళ్లు ఇద్దరే, ఇద్దరూ మన దిక్కోళ్లే. సాంగ్లీకి, ఈరోడ్‌కు జీఐ గుర్తింపు ఉన్నది, పేరు ఉన్నది. మన పేరు మన జిల్లాల ఉన్నంత పెద్దగ బయట లేదు. ఇది చేదు మాట, కాని ముందే తెలిసింది మంచిదైంది.

అసలు పరీక్ష మరుసటేడు. మొదటిసారి కొనుడు కొత్తకో, జాలికో కావొచ్చు. రెండోసారి కొంటేనే గిరాకీ. 41 ఇండ్లకు ఫోన్ చేసి, "కావాలంటే 200 ముందుగ పంపుండ్రి, ఆర్టీసీ కార్గోల పంపుతం" అన్నం. కొమ్ములు కొన్న 27 ఇండ్లలో 19 పంపినయి. పొడి కొన్న 14లో 4 పంపినయి. మొలక శాతం తెలిసింది కదా.

ఇప్పుడు ఈ లెక్కను పెంచి చెప్పను. 19 ఇండ్లు తీసుకున్నది 45 కిలోలు. యార్డు ధర, కవరు, కిరాయి తీసేస్తే కిలోకు 70 రూపాయలు మిగిలినయి. మా కూలి వేసుకుంటే చాన తక్కువ. ఎకరానికి 20 క్వింటాళ్ల ఎండు పసుపు అనుకుంటే, వాటా కట్టే 120 మందికి ఎకరం చొప్పున 2,400 క్వింటాళ్లు. ఇంటికి 2 కిలోల చొప్పున లక్షా 20 వేల ఇండ్లు కావాలె. ఆదివారాలు కూర్చుంటే అది అయ్యేది కాదు. ఇది కూడ ఆ పరీక్షనే చెప్పింది. ఇండ్లకు అమ్మేది కొంత, మిగిలింది పెద్ద ఎత్తున కొనేటోళ్లకు పోవాలె.

పెద్ద గిరాకీ ఏం అడిగింది

అందుకని శాంపిళ్లు పట్టుకొని పచ్చళ్ల తయారీదార్ల కాడికి, మసాలా పట్టేటోళ్ల కాడికి తిరిగిన. ఏడుగురిని కలిసిన. ఐదుగురు "చూస్తం" అన్నరు, అంటే లేదు అని. ఒకాయన ధర మరీ తక్కువ అడిగిండు. ఒకాయన మాత్రం కూర్చోబెట్టి మాట్లాడిండు. ఆయన పొడి వద్దన్నడు. "పట్టే యంత్రాలు నా కాడనే ఉన్నయి, మీరు కొత్తగ పెట్టుడెందుకు? నాకు కావలసింది బస్తా బస్తాకు తేడా లేని కొమ్ము. తేమ 10 శాతం లోపల ఉండాలె, ల్యాబ్ రిపోర్టుల కుర్కుమిన్ ఎంతో చూపాలె, మట్టి, మండ, చూర కలవొద్దు. అట్ల ఉంటే 10 క్వింటాళ్లకు ముందుగ పదో వంతు పైసలు ఇస్త" అన్నడు. పొడిల తేమ 10 శాతం దాటొద్దు, కుర్కుమిన్ 2 శాతం కంటే తక్కువ ఉండొద్దు అని ప్రభుత్వ ప్రమాణాల్లోనే ఉన్నది. ఆయన అడిగింది గొంతెమ్మ కోరిక కాదు.

మా నలుగురు రైతులవి కలిపి 10 క్వింటాళ్లు తీసుకపోతే మూడు బస్తాలు వాపస్ పెట్టిండు. తేమ ఎక్కువ. ఒకరు సిమెంటు కల్లం మీద ఆరబెట్టిండ్రు, ఒకరు మట్టి మీద, ఒకరు రెండు రోజులు ముందే ఎత్తిండ్రు. తప్పు మాదే. ఏడు బస్తాలకు యార్డు కంటే మంచి ధర ఇచ్చిండు.

చూసిండ్రా, మనం గిరాకీని అడిగితే అది 60 లక్షల మిల్లు అడగలేదు. మంచి కల్లం, టార్పాలిన్లు, తేమ చూసే మీటరు, ఏరే జల్లెడ, ఒక్క తీరు పాలిష్, ఇవి అడిగింది. ఈ ఖర్చు ఎంత, ఆ ఖర్చు ఎంత?

మీరు అడిగే ప్రశ్నలు

వెనక నుంచి ఒక తమ్ముడు అంటున్నడు, "అన్నా, మద్దతు ధర కోసం కొట్లాడే సంఘం ఇప్పుడు ప్యాకెట్లు అమ్ముకోమంటదా?" అని. మంచి ప్రశ్న. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల పట్టీల పసుపు లేనే లేదు. 2019లో పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 అడిగినం, ఆ కొట్లాట విడిచేది లేదు. మన పంటలో ఎక్కువ భాగం యార్డుకే పోతది, యార్డుల ధర దక్కాలె. దానికి ఇది బదులు కాదు. కాని మిల్లు పెడితే మనం వ్యాపారంలకు దిగినట్టే. దిగినంక నష్టమొస్తే ధర్నా ఎవరి ముందు చేస్తం? కొనని ఇంటామె ముందటనా?

ఇంకో పెద్దాయన అన్నడు, "చిన్న పరీక్షతో ఏం తెలుస్తది, పెద్దగ చేస్తేనే పెద్దగ అమ్ముడుపోతది" అని. కొంత నిజమే. అన్నీ తెలియవు. ఒక కాలనీ అంటే హైదరాబాద్ మొత్తం కాదు. కాని 50 కిలోల పొడి అమ్మలేనోళ్లం 1,500 క్వింటాళ్లు ఎట్ల అమ్ముతం?

నా ప్రతిపాదన

వాటాల వసూలు మృగశిర దాక ఆపుదాం. అప్పటి దాక వాటా కట్టదలుచుకున్న ప్రతి రైతు 10 వేల రూపాయలు కాదు, 10 కిలోల కొమ్ము ఇయ్యాలె. 120 మందివి 12 క్వింటాళ్లు అయితయి. 6 క్వింటాళ్లు కొమ్ములుగనే ఇండ్లకు అమ్ముదాం. 4 క్వింటాళ్లు ఉన్న గిర్నీల కిరాయికి పట్టించి పొడి అమ్ముదాం, ల్యాబ్ రిపోర్టు కవరు మీద వేద్దాం, అప్పుడన్న పొడిని నమ్ముతరేమో చూద్దాం. నేను చేసినప్పుడు ఆ రిపోర్టు లేదు, కాబట్టి నా పరీక్షనే ఆఖరి మాట అనొద్దు. మిగిలిన 2 క్వింటాళ్లు పెద్ద కొనుగోలుదార్లకు శాంపిళ్లు. అమ్మేది మహిళా సంఘాల అక్కలకు అప్పజెప్పుదాం, వంటింటి సంగతి మనకంటే వాళ్లకు తెలుసు. వాళ్ల కూలి ముందే లెక్కల రాసుకుందాం.

అమ్ముడు మొదలుపెట్టక ముందే గీత గీసుకోవాలె. తర్వాత గీస్తే మనం ఎక్కడ నిలబడితే అక్కడనే గీస్తం. నేను చెప్పే గీత ఇది: 300 కొత్త ఇండ్లు, చుట్టాలు కానోళ్లు, పైసలిచ్చి పొడి కొనాలె. వాళ్లలో 100 ఇండ్లు పండుగల లోపల మళ్లీ అడగాలె. ఇద్దరు పెద్ద కొనుగోలుదార్లు కలిపి 50 క్వింటాళ్ల పొడికి ముందుగ పైసలు ఇయ్యాలె. ఇవి అయితే మిల్లు కాగితం మీద మొదటి సంతకం నేనే పెడత. కాకపోతే ఆ కాగితం పక్కకు పెట్టి, కల్లం, మీటరు కోసం వేరే కాగితం రాద్దాం. అంకెలు మీరు మార్చుకోండ్రి, కాని ఈ రోజే రాసుకొని పోదాం.

నష్టమొస్తే ఒక్కొక్కరికి పోయేది 10 కిలోల పసుపు. మా మిల్లుల పోయింది 20 గుంటల భూమి.

ఇక్కడ కూర్చున్న 120 ఇండ్లల్ల ఏ ఒక్క ఇంట్ల కూడ అటక మీద అట్లాంటి కవర్ల మూట ఉండొద్దని నా కోరిక. జై కిసాన్.